సవరణ: ఒంటి కూనకు ఆవుపాలు, తల్లికి కాల్షియం మాత్రలు

ఏడాదైనా నిండకుండానే, ఇంట్లోవాళ్లు గమనించేలోపు చూలు కట్టి ఒకే కూనను ఈనిన ఆడకుక్క సంరక్షణపై వచ్చిన గత టపాలో, తల్లిపాలు చాలకపోతే ఆవుపాలలో సగం నీళ్లు కలిపి పట్టవచ్చునన్న వాక్యాన్ని తొలగించి, ఈ కింది వివరణను చదువుకోవలసిందిగా మనవి.

కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటే దాదాపు రెట్టింపు ఉంటాయి కనుక, నీళ్ల పాలతో కూన పొట్ట ఉబ్బినట్టు కనిపించినా బరువు మాత్రం పెరగదు. కుక్కపిల్లల కోసమే తయారయ్యే పాలపొడిని గోరువెచ్చగా కలిపి, రెండు మూడు గంటలకోసారి, కూనను బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఒళ్లు చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు. తొలివారం దాని పడక దగ్గర 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండాలి.

చూలు సమయంలో కాల్షియం మాత్రలు వేయాలన్న సూచననూ ఉపసంహరించడమైనది. అప్పుడు అదనంగా ఇచ్చే కాల్షియం వల్ల, పాలిచ్చే రోజుల్లో ఎముకల నుంచి దానిని తీసుకునే శక్తి శరీరానికి మందగించి, రక్తంలో కాల్షియం పడిపోయే ముప్పు ఉంది. ఒంటి కూన తల్లికి ఈ ముప్పు తక్కువే గాని లేకపోలేదు. తల్లి రొప్పుతూ, వణుకుతూ, కాళ్లు బిగదీసుకుంటే తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యునికి చూపించాలి.