సవరణ: ఢిల్లీ కుళాయి నీళ్లు, ఎన్‌డీఎం-1

ఢిల్లీ కుళాయి నీళ్ల నమూనాల్లో 30 శాతంలో మందులకు లొంగని ఎన్‌డీఎం-1 బ్యాక్టీరియా దొరికిందని పోయిన వారం రాశాను. అది తప్పు. రెండు లెక్కలు కలిపేశాను.

2010 సెప్టెంబరు, అక్టోబరుల్లో సేకరించిన ఆ నమూనాల ఫలితాలు 2011లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చాయి. ఆ 30 శాతం వీధుల్లో మడుగు కట్టిన, పాయలుగా పారే నీళ్లది: 171 నమూనాల్లో 51లో ఎన్‌డీఎం-1 జన్యువు కనిపించింది. కుళాయి నీళ్లలో అయితే 50కి 2. తాగే నీళ్లలో ఆ రెండైనా ఎందుకుండాలన్న నా కోపం మాత్రం అలాగే ఉంది.

ఇంకోటి. ఎన్‌డీఎం-1 బ్యాక్టీరియా పేరు కాదు. కార్బపెనెమ్ లాంటి ఆఖరి అస్త్రాల్లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువు ప్లాస్మిడ్ల (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కల) మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి కూడా దూకగలదు. కలరా కలిగించే జాతిలోనూ అది కనిపించడమే ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మరిగించినా చావదు" అన్న మాట కూడా కొట్టేశాను. మా పిన్ని అది చదివి, "అయితే గ్యాస్ ఎందుకే దండగ" అని కాచడం మానేసిందట! ఈ బ్యాక్టీరియా తట్టుకునేది మందుని, వేడిని కాదు. నీళ్లు తెర్లేలా కాస్తే మామూలు బ్యాక్టీరియాలాగే ఇదీ చస్తుంది. పిన్నికి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను.