ఆగిపోయిన బండికే అభిమానులెక్కువ

మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడి ఫ్లాట్‌లో సోఫా వెనక గోడ నిండా ఒక బొగ్గు ఇంజన్ ఫొటో ఉంటుంది. ముక్కు మీద నక్షత్రంతో, పొగ కక్కుతూ వస్తున్న డబ్ల్యూపీ రకం ఇంజన్. మన దేశంలో బ్రాడ్‌గేజ్ (పెద్ద లైను) మీద ఆవిరి ఇంజన్లు 1995లోనే ఆగిపోయాయి. వీడు పుట్టింది 1998లో. అయినా ఆ ఫొటో చూస్తే గొంతు పట్టేస్తుందట. చూడనిదాని మీద ఇంత బెంగ మామూలు విషయం కాదు కాబట్టి, నేనూ దీని మీద గంభీరంగా ఆలోచించక తప్పలేదు.

ఆ ఇంజన్లను దగ్గర నుంచి చూసినవాళ్లు మా ఇంట్లో ఒక్కరే మిగిలారు, మా పెద్దబాపు. కాజీపేట షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే పనికి చేరారు. మోచేతుల కింద వెంట్రుక మొలవని మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చెవులు సగం పోయాయి. 1970లో బెంగాల్‌లోని చిత్తరంజన్ ఇంజన్ల ఫ్యాక్టరీలో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ తయారుచేసి ‘అంతిమ్ సితారా’ (చివరి నక్షత్రం) అని పేరు పెట్టారు. అంత అందమైన పేరు పెట్టినవాళ్లు ఎప్పుడూ పార పట్టి ఉండరని ఆయన అభిప్రాయం. ఆ రోజుల అందం గురించి మేనల్లుడు అడిగితే ఆయన ఒకటే మాటన్నారు: “ఎండకాలంల పొయ్యి ముంగట నిలవడి బొగ్గేసినవా బిడ్డా ఎన్నడన్న?”

వెయ్యలేదు. వాడి ఆఫీసులో ఏసీ పద్దెనిమిదిలో ఉంటుంది.

ప్రయాణికులుగా మా అనుభవం మాత్రం ఏమంత గొప్పది? కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నుసి. అమ్మ కొంగు చివర ఉండలా చుట్టి, నోటితో వేడి ఊపిరి ఊది కంటికి అద్దేది. అది తగ్గేలోపు రెండో కంట్లో పడేది. పెళ్లికని వేసుకున్న తెల్లచొక్కా కాజీపేట నుంచి జమ్మికుంట చేరేసరికి చుక్కల చొక్కా అయ్యేది. ఇప్పుడు ఇదే కథను కళ్లు తుడుచుకుంటూ చెబుతున్నాను. అప్పుడు కళ్లు తుడుచుకున్నది వేరే కారణానికి.

అయితే ఈ బెంగపడేవాళ్లకు ఒక శుభవార్త ఉంది. బొగ్గు ఇంజన్ ఎక్కడికీ పోలేదు. కాజీపేట–బల్లార్షా లైను మీద పరుగెత్తే కరెంటు ఇంజన్‌ను చూడండి. దానికి పైతీగలోంచి కరెంటు వస్తుంది. తీగలోకి గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ గ్రిడ్‌కు కరెంటు పంపేవాటిలో మన రామగుండం ఎన్టీపీసీ ఒకటి, 2600 మెగావాట్లు. అక్కడేం చేస్తారు? బొగ్గు కాలుస్తారు, నీళ్లు మరిగిస్తారు, ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. అంటే బాయిలర్‌ను ఇంజన్ మీద నుంచి దించి రామగుండంలో పెట్టారు, అంతే. కాబట్టి నిజమైన అభిమానులు మ్యూజియంలో ఇంజన్ పక్కన నిలబడటం మాని, గోదావరిఖని దాకా వెళ్లి దూరం నుంచి ఆ చిమ్నీలకు ఒక దండం పెట్టుకుంటే బాగుంటుంది. ఇప్పటిదాకా ఒక్కరు వెళ్లినట్టు నేను వినలేదు.

లోతుగా చూస్తే మనకు నచ్చేది ఇంజన్ కాదు, ఆగిపోవడం. డోర్నకల్ నుంచి ఇల్లందు వైపు లైను వేసింది 1888లో, సింగరేణి బొగ్గు కోసమే. ఆ తర్వాత చాలాకాలం అటు మనుషులూ ప్రయాణించారు. ఇప్పుడు ఇల్లందులో బొగ్గుకు రైలుంది, మనుషులకు బస్సుంది. ప్యాసింజర్ నడిచినన్నాళ్లు ‘ఈ డొక్కు బండి ఎప్పుడొస్తదో’ అని తిట్టినవాళ్లే, ఇప్పుడు దాని పేరెత్తితే కరిగిపోతారు.

రైల్వేకు ఈ రహస్యం ఎప్పుడో తెలిసినట్టుంది. 2020 మార్చిలో కరోనాకు ప్రయాణికుల బండ్లన్నీ ఆపారు. మళ్లీ నడిపినప్పుడు ప్యాసింజర్ల నంబరులో మొదటి అంకెను సున్నా చేసి ‘స్పెషల్’ అన్నారు. పది రూపాయల కనీస టికెట్ ముప్పై అయింది. బండి అదే, వేగం అదే, గూడ్సు కోసం స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబడటమూ అదే. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీ తిరిగొచ్చేదాకా జనానికి పాత ప్యాసింజర్ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. వృద్ధుల రాయితీని కూడా అదే మార్చిలో ఆపారు. అది ఇప్పటికీ తీపి జ్ఞాపకంగానే ఉంది.

వరంగల్ వాళ్లం ఈ విద్యలో ఇంకో మెట్టు ఎక్కాం. అసలు పుట్టని దాని మీద కూడా బెంగ పెట్టుకోగలం. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ 1980లలో పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయిందని మా తరం ఉగ్గుపాలతో విన్నది. 2014 విభజన చట్టంలో తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ సంగతి పరిశీలించాలని రాశారు. పరిశీలన కూడా ఒక ప్రయాణమే, దానికి టైంటేబుల్ ఉండదు. చివరికి 2023 జూలై 8న ప్రధాని వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మా వీధిలో ఒకాయన ఆ రోజు దిగాలుగా కనిపించాడు. ఏమైందంటే, “ఇన్నేండ్ల సంది ధర్నాలు చేసుకుంట బతికినం. రేపది కట్టినంక ఏం జేయాలె?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

మొన్న దసరాకు మేనల్లుడు వచ్చాడు. పెద్దబాపును సంతోషపెడదామని సెల్‌ఫోన్‌లో అసలైన ఆవిరి ఇంజన్ కూత డౌన్‌లోడ్ చేసుకొచ్చి, ఆయన మంచం పక్కన బ్లూటూత్ స్పీకర్ పెట్టి వాల్యూమ్ నిండా పెంచాడు. కూత ఒకసారి వినిపించింది, రెండుసార్లు వినిపించింది. వాడు కెమెరా ఆన్ చేసుకుని ఆయన కళ్లలో నీళ్ల కోసం చూస్తున్నాడు. మూడోసారికి పెద్దబాపు వంటింటి వైపు తల తిప్పి కేకేశారు:

“మూడు కూతలైనయి, ఆ కుక్కర్ దించుమనుండ్రి!”