బాలింత పుస్తకం

ఓ ఇంగ్లిష్ కామిక్స్ సిరీస్. పేరేమో ‘సాగా’. 2018 జూలైలో 54వ సంచిక దగ్గర ఆగిన కథ మూడున్నరేళ్లు సాగలేదు. అదీ ఎక్కడ ఆపారు? నాకిష్టమైనవాణ్ణి చంపేసి మరీ! మొత్తం 108 సంచికలట, అంటే సరిగ్గా సగంలో ఇంటర్వెల్. మన సినిమాల్లో అయితే సమోసా తినొచ్చేలోగా మళ్లీ మొదలవుతుంది.

2022 జనవరిలో 55వ సంచిక వస్తోందనగానే, పాతవన్నీ ఓసారి తిరగేద్దామని అల్మారా తెరిచాను. తొమ్మిది సంపుటాల్లో ఒకటోది లేదు.

“అమ్మా, ఇక్కడో బొమ్మల పుస్తకం...”

“ఆ బాలింత పుస్తకమా? చిన్నదాని సీమంతానికి ఇచ్చా కదరా.”

అమ్మను అనడానికి లేదు. అట్ట మీద తల్లి బిడ్డకు పాలిస్తుంటుంది, పక్కన మొగుడు నిలబడి ఉంటాడు.

“వాడి నెత్తిన కొమ్ములు చూడలేదా?”

“ఏదో వేషం అనుకున్నా. అయినా మీ నాన్న కంటే నయం. పక్కన నిలబడ్డాడు.”

మేనకోడలికి ఫోన్ చేశాను. నవ్వు ఆపితేగా! సీమంతం రాత్రే వాళ్ల అత్తగారు కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచారట. మొదటి పేజీలోనే ఆ అమ్మాయి పురిటి నొప్పులతో అరుస్తోంది, మొగుడే పురుడు పోస్తున్నాడు. “బొమ్మలు భలే వేశారే” అన్నారట. వేసింది ఫియోనా స్టేపుల్స్ మరి. రెక్కల జాతి పిల్ల, కొమ్ముల జాతి పిల్లాడు పెళ్లి చేసుకుంటే రెండు వైపులవాళ్లూ వెంటపడటం కూడా ఆవిడకు కొత్తగా అనిపించలేదు. ఇంకొన్ని పేజీలు తిప్పాక తల బదులు టీవీ ఉన్న రాజకుమారుడు పడగ్గదిలో తగిలాడు. పుస్తకం టప్పున మూసి కోడలి చేతికిచ్చి, లేచి వెళ్లి హాల్లో టీవీ కూడా కట్టేశారట.

పురుడయ్యాక చంటిదాన్ని, పుస్తకాన్ని కలిపే తీసుకొచ్చింది. అట్ట మీద కొమ్ములాయన నుదుటి దగ్గర అమ్మ వేలిముద్ర, పసుపుతో. రెండో సంపుటం చేతిలోకి తీసుకుంటూ అడిగింది: “మామయ్యా, ఆ పిల్ల తండ్రి చివరిదాకా బాగానే ఉంటాడు కదా?”

ఆ కథలో ఓ పిల్లి ఉంటుంది. ఎదుటివాడు అబద్ధమాడితే చాలు, “అబద్ధం” అని మొహం మీదే అనేస్తుంది.

“బాగానే ఉంటాడమ్మా” అన్నాను, సోఫా కింద ఓసారి చూసుకుని.