జీతం ముందు, పతకం తర్వాత

2010 ఫిబ్రవరిలో వాంకోవర్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. విస్లర్ కొండల్లోని మంచు ట్రాక్ మీద అమెరికా రెండో జట్టు బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే నలుగురి పందెం బండి) అదుపు తప్పి బోల్తా పడింది. అందులో ఉన్న నలుగురిలో ఇద్దరు సైనికులు. స్లెడ్ నడిపిన జాన్ నేపియర్ అదే ఏడాది అఫ్గానిస్థాన్ యుద్ధరంగానికి వెళ్లారు. స్లెడ్‌ను నెట్టినవారిలో ఒకరైన క్రిస్ ఫోగ్ట్ ఆర్మీ ఇంటెలిజెన్స్ అధికారిగా ఇరాక్ వెళ్లారు.

ఫోగ్ట్ ఇరాక్ నుంచి తిరిగొచ్చి మళ్లీ స్లెడ్ పట్టుకున్నారు. 2014లో సోచి ఒలింపిక్స్‌లో స్టీవెన్ హోల్‌కోంబ్ నడిపిన స్లెడ్ జట్టులో ఒకడిగా పతకం గెలిచారు. నాలుగో స్థానంలో నిలిచిన రష్యా జట్టుకూ వీరికీ తేడా సెకనులో 3 వందల వంతు. అప్పుడు మెడలో పడింది కాంస్యం. మొదటి స్థానంలో నిలిచిన రష్యా జట్టు డోపింగ్ కారణంగా అనర్హతకు గురికావడంతో కొన్నేళ్లకు అది రజతమైంది. అది చూడటానికి హోల్‌కోంబ్ లేరు. 2017 మే నెలలో, 37 ఏళ్ల వయసులో, లేక్ ప్లాసిడ్‌లోని శిక్షణ కేంద్రంలో నిద్రలోనే కన్నుమూశారు. ఆయన కూడా యూటా నేషనల్ గార్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవారే.

ఈ ఆట మన దగ్గర లేదు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నలుగురు మనుషులూ స్లెడ్డూ కలిపి 630 కిలోలు దాటకూడదు. ఆ బరువును నలుగురూ మంచు మీద 50 మీటర్ల దాకా పరిగెడుతూ నెట్టి, ఒకరి వెనక ఒకరు లోపలికి దూకి కూర్చోవాలి. నెట్టే పని మొత్తం అయిదారు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత గంటకు 130 కిలోమీటర్లు దాటిన వేగంలో మలుపులు తిప్పేది ముందు కూర్చున్న పైలట్. మిగతావాళ్లు తల వంచి, కదలకుండా, ఏమీ కనపడకుండా కూర్చోవాలి. ట్రాక్ చివరికి చేరాక వెనక కూర్చున్న మనిషి బ్రేక్ లాగుతాడు. టీవీలో వాళ్ల ముఖాలు కూడా సరిగా కనిపించవు. ఆ అయిదారు సెకన్ల కోసం నాలుగేళ్లు బరువులెత్తుతారు. ఫోగ్ట్ చేసింది ఈ పనే.

ఇంత కష్టపడితే ఇల్లు గడుస్తుందా? గడవదు. క్రికెట్‌లోలా లీగులు లేవు, వేలంపాటలు లేవు. ఆటగాళ్లలో చాలామంది అప్పులు చేసి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఆడతారు. అందుకే అమెరికా సైన్యం 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్ కేంద్రంగా ఓ పథకం పెట్టింది. ప్రపంచ స్థాయి సత్తా ఉన్న సైనికుడికి శిక్షణనే డ్యూటీగా ఇస్తారు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, వైద్యం ఉంటుంది, ఆట అయ్యాక వెనక్కి వెళ్లడానికి ఉద్యోగం ఉంటుంది. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో జస్టిన్ ఓల్సెన్ నడిపిన స్లెడ్‌లో నలుగురికి ముగ్గురు సైనికులే: ఓల్సెన్, ఫోగ్ట్, స్పెషల్ ఫోర్సెస్‌కు చెందిన నేట్ వెబర్. పోటీలకు కొద్ది రోజుల ముందే ఓల్సెన్‌కు అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది, అయినా ఆడారు. పతకం రాలేదు. అందువల్ల వాళ్ల జీతం ఆగిపోలేదు. మాకు ముఖ్యంగా కనిపిస్తున్నది ఇదే.

జర్మనీ ఇంకా ముందుంది. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఆండ్రే లాంగె, ఆయన స్లెడ్‌ను వెనక నుంచి నెట్టిన కెవిన్ కుస్కె ఇద్దరూ సైన్యం జీతం మీదే ఆడారు.

మన శివ కేశవన్‌ను కూడా గుర్తు చేసుకోవాలి. ఆయనది బాబ్‌స్లెడ్ కాదు, దానికి దగ్గరి బంధువైన ల్యూజ్, అంటే చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని మంచు మీద జారే ఆట. దేశంలో మంచు ట్రాక్ లేక స్లెడ్‌కు చక్రాలు కట్టుకుని హిమాలయాల రోడ్ల మీద లారీల మధ్య సాధన చేశారు. ఖర్చులకు చందాలు పోగు చేసుకున్నారు. అలాగే 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడారు. ఆయన పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. అయితే ఒక మనిషి పట్టుదలను చూపించి వ్యవస్థ తప్పించుకోకూడదు.

సైన్యం పని దేశ రక్షణ కదా, ఆటలతో దానికేం పని అని అడిగేవాళ్లున్నారు. ఫోగ్ట్ ఇరాక్ వెళ్లొచ్చారు, నేపియర్ అఫ్గానిస్థాన్ వెళ్లొచ్చారు. ఆట పేరుతో డ్యూటీ ఎగ్గొట్టినవాళ్లు కారు వీళ్లు. మన సైన్యానికీ ఈ సంగతి తెలుసు. 2001లో మొదలైన మిషన్ ఒలింపిక్స్, పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అలా పుట్టినవే. నీరజ్ చోప్రాను 2016లో నాయిబ్ సుబేదార్‌గా తీసుకునే నాటికి ఆయనకు ఒలింపిక్ పతకం లేదు. ప్యారిస్‌లో అంకిత భకత్‌తో కలిసి ఒక్క మెట్టు దూరంలో కాంస్యం చేజార్చుకున్న మన విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ కూడా సైన్యం ఉద్యోగే.

అయితే ఈ దారి సైన్యం ఒక్కటే చూపిస్తే సరిపోదు. యూనిఫాం అందరికీ కుదరదు, అందరూ కోరుకోరు కూడా. మరి మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? నిఖత్ జరీన్‌కు తెలంగాణ డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, సంతోషం. కానీ అది వచ్చింది 2024లో, ఆమె రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన తర్వాత. పతకంతో ఎయిర్‌పోర్టులో దిగగానే చెక్కులు, ఇళ్ల స్థలాలు ప్రకటించడం మనకు అలవాటైపోయింది. గెలవడానికి ముందున్న ఏడెనిమిదేళ్లు ఆ పిల్ల బస్సు చార్జీలు, పాలు, గుడ్లు, షూస్ ఎవరు కొన్నారన్నది ఎవరూ అడగరు. ఆ ఏళ్లలోనే టెన్షన్ భరించలేక ఆట మానేసిన పిల్లల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

పోలీసు, అగ్నిమాపక, అటవీ శాఖల్లో ఏటా కొన్ని పోస్టులు జాతీయ స్థాయికి చేరిన 18, 19 ఏళ్ల పిల్లలకు కేటాయించాలని మేము రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. మొదటి నెల నుంచే పూర్తి జీతం ఇచ్చి, శిక్షణనే డ్యూటీగా లెక్కించాలి. గాయమైతే వైద్యం శాఖే చూసుకోవాలి. ఆట ముగిసిన రోజున మిగతా ఉద్యోగుల్లాగే సీనియారిటీతో పనిలో చేరాలి. పతకం రాకపోయినా సరే.