మనీలా కత్తెర

ఫిలిప్పీన్స్ దర్శకుడు బ్రిల్లాంటే మెండోసా 2008లో తీసిన ‘సెర్బిస్’లో ఒక పాడుబడ్డ సినిమా హాలు ఉంటుంది. ఆడేవి బూతు సినిమాలు, హాలు పేరు మాత్రం ‘ఫ్యామిలీ’! దాన్ని నడిపే కుటుంబం కాపురం అందులోనే. చీకట్లో ఒళ్లమ్ముకునే కుర్రాళ్ల బేరాలూ అందులోనే. ఓసారి మేక ఒకటి దారి తప్పి హాల్లోకి వచ్చేస్తుంది. పోస్టర్లు రాసే కుర్రాడు పిరుదు మీద సెగ్గడ్డతో కుంటుతూ తిరుగుతాడు. చూసేవాళ్లను ఆ సినిమాలోని నగ్నత్వం కంటే ఆ గడ్డే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచిన చిత్రమిది. మరుసటి ఏడాది మెండోసా అక్కడే ‘కినాతాయ్’కి ఉత్తమ దర్శకుడయ్యారు.

ఇలాంటి సినిమాల నుంచి జనాన్ని కాపాడతామనే సెన్సార్ బోర్డు ఫిలిప్పీన్స్‌లో ఒకనాటి నియంత ఫెర్డినాండ్ మార్కోస్ వదిలివెళ్లిన ఆస్తి. 1983లో మనీలా చిత్రోత్సవానికి డబ్బు కావాల్సి వస్తే ఆయన సర్కారే కత్తెర పడని శృంగార చిత్రాలను హాళ్లలో ఆడనిచ్చింది. అవసరం పడితే బూతూ కళే మరి. ఆ ప్రభుత్వమే 1985లో 1986వ నంబరు డిక్రీతో ఇప్పటి బోర్డును పెట్టింది. అసభ్యతను అడ్డుకోమన్న ఆ డిక్రీ, ప్రభుత్వంపై ప్రజల నమ్మకాన్ని దెబ్బతీసే సినిమానూ అదే గాటన కట్టింది. మార్కోస్ పోయినా డిక్రీ పోలేదు.

2001లో సెక్స్ షోలతో పొట్టపోసుకునేవారి మీద తీసిన ‘లైవ్ షో’ను చర్చి ఒత్తిడితో అధ్యక్షురాలు అరోయో ఆపించారు. బోర్డు అధ్యక్షుడు నికనోర్ తియోంగ్సన్ రాజీనామా చేశారు. 2024లో వంతు ‘అలిపాతో అట్ మువోగ్’ది. 2007లో అపహరణకు గురై నేటికీ జాడలేని ఉద్యమకారుడు జోనాస్ బుర్గోస్ గురించి ఆయన తమ్ముడు తీసిన డాక్యుమెంటరీ అది. అందులో శృంగారం ఊసే లేదు, అయినా జనానికి చూపకూడదనే ‘ఎక్స్’ ముద్ర వేశారు. గొడవయ్యాక పదహారేళ్లు నిండినవాళ్లు చూడొచ్చనే ‘ఆర్-16’కు దిగొచ్చారు.

పిల్లలు చూడకూడనివి ఉంటాయి, వయసును బట్టి ముద్ర వేయడాన్ని మేం తప్పుపట్టం. పెద్దలు ఏం చూడాలో కూడా తామే తేలుస్తామంటేనే పేచీ. హాళ్లలో తలుపులు మూసుకుంటే ఆ సరుకు ఫోన్లలోకి చేరుతుంది. 2021లో మొదలైన ఓటీటీ వేదిక వివామాక్స్ ఆ గిరాకీ మీదే పెరిగింది. అక్కడ అడగాల్సింది తెర మీద ఎంత బట్ట ఉందని కాదు. ఆ దృశ్యంలో నటించిన అమ్మాయి ఇష్టపడే చేసిందా, ఎన్ని గంటలు పని చేయించారు, డబ్బు ముట్టిందా అని. షూటింగ్ ప్రమాదం తర్వాత 2019లో మరణించిన నటుడు ఎడ్డీ గార్సియా పేరిట 2024లో వచ్చిన కార్మిక రక్షణ చట్టం చేతిలో ఉంది. దాన్ని సెట్ల మీద అమలు చేయించాలి, డిక్రీలోని ఆ ‘నమ్మకం’ మాటను కొట్టేయాలి.