సీరియల్ ఇంట్లో మన ఊరేది?

సినిమాకు మన ఊరి దారి దొరికింది గానీ సీరియల్‌కు ఇంకా దొరకలేదు. రోజూ సాయంత్రం నట్టింట్లో మోగేది టీవీయే కాబట్టి దీన్ని చిన్న విషయంగా వదిలేయలేం.

2023లో బలగం సినిమా వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్లల్లో తెరలు కట్టుకుని, నేల మీద కూర్చుని మరీ చూశారు జనం. అందులో ఉన్నదల్లా ఒక చావు, దినాలు, అలిగిన బంధువులు, పెట్టిన కూడు ముట్టని కాకి. అది సిరిసిల్ల దిక్కు కథే అయినా, పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ ఏమిటో నల్లగొండలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అంతకుముందు 2019లో మల్లేశం మన ఆలేరు దిక్కు కథనే చెప్పింది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడిస్తూ ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలు సిద్ధం చేసే తల్లి భుజం నొప్పి, ఆ నొప్పి చూడలేక మిషన్ కనిపెట్టిన కొడుకు. భీమ్లా నాయక్ పాట మొదట్లో వినిపించిన కిన్నెర మొగులయ్య గొంతు కూడా నాగర్‌కర్నూల్ జిల్లాదే, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక సీరియల్ పెట్టండి. పెద్ద బంగళా, నడిమధ్య మెట్లు, పడుకునేటప్పుడూ పట్టుచీర, ఒక్క చెంపదెబ్బకు ఇంట్లో అందరి ముఖాలూ మూడేసి సార్లు చూపించడం, ఈలోగా ఎపిసోడ్ అయిపోవడం. ఆ ఇంట్లో పొద్దున లేచి పనికి పోయే మనిషి కనిపించడం తక్కువ, వడ్ల ధర గురించి మాట్లాడేవాళ్లు అసలే ఉండరు. మన యాస వినిపించిందంటే ఎక్కువగా అది పనిమనిషి నోటో, రౌడీ నోటో. ఇది మాకు బాధగానే ఉంది.

జనం ఇవే చూస్తున్నారు కాబట్టి ఇవే తీస్తున్నామంటారు సీరియల్ వాళ్లు. మేం ఒప్పుకోం. 2017 నుంచి 2023 దాకా నడిచిన కార్తీకదీపం మలయాళం నుంచి తెచ్చుకున్న కథే, రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథే. అయినా మన ఆడవాళ్లు ఆమెను వంటలక్క అని సొంత మనిషిలా పిలుచుకున్నారంటే, నల్లగా ఉందని చిన్నచూపు చూడటం ఎంత నొప్పో వాళ్లకు తెలుసు, వంట చేసి పిల్లను సాకే తల్లి కష్టమూ తెలుసు. చివరికి ఎంత సాగదీసినా జనం మొదట దగ్గరికి తీసుకున్నది ఆ కష్టాన్నే.

అలాంటి కథలకు ఇక్కడ కొదవా? మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను అవ్వ దగ్గర వదిలి ముంబైకో పుణెకో పోయే పాలమూరు దంపతులు, పండుగకు ఇంటికొస్తే దగ్గరికి రాకుండా అవ్వ కొంగు చాటున నిలబడే పిల్ల, ఆ పిల్ల ఎవరి మాట వినాలన్న దాని మీద అత్తాకోడళ్ల మధ్య పుట్టే గొడవ. విషం కలిపిన పాలగ్లాసు అవసరం లేకుండానే ఇందులో ఏడాదికి సరిపడా కథ ఉంది. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనిషి ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడుకోవడం కూడా కథే. నారాయణపేట మగ్గం ఉంది, మిర్యాలగూడ మిల్లు ఉంది.

సినిమావాళ్లకూ ఒక మాట. తెలంగాణ యాస అంటే ఒకటే మూస కాదు. కన్నడ కలిసిన మక్తల్ మాట వేరు, ఆంధ్ర దిక్కు మాట కలిసిన కోదాడ మాట వేరు. ప్రతి డైలాగూ గొంతు చించుకుని చెబితే అది యాస అయిపోదు. ఇక్కడి ఆడవాళ్లు ఎంత మెల్లగా, ఎంత సూటిగా మాట్లాడతారో ఒక సంతలో గంటసేపు నిలబడి వింటే తెలుస్తుంది.

చానళ్లను మేం అడిగేది పెద్దదేమీ కాదు. రాత్రి స్లాట్లలో ఒక్క అరగంట ఇక్కడి రచయితలకు ఇవ్వండి, స్టూడియో బంగళా వదిలి దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో ఒక మామూలు ఇంట్లో షూటింగ్ చేయండి, కథ అయిపోయిన రోజున సీరియల్ కూడా ఆపేయండి.