ప్రూఫు దిద్దే చేతికే పాఠం అప్పగించండి

పెళ్లి శుభలేఖ. పై వరుసలో వధువు పేరు పద్మావతి, కింది వరుసలో ఊరు శ్రీకూర్మం. 'ద్మ' కింద వేలాడే ఒత్తు దిగొచ్చి 'శ్రీ' మీది గుడిని గుద్దేసింది. డిజైన్ చేసిన విద్యార్థినికి అది కనిపించలేదు. మా విజయనగరంలో డీటీపీ సెంటర్ నడుపుతూ, వారానికి రెండు రోజులు విశాఖలో ఓ ఆర్ట్ కాలేజీకి వెళ్లి స్టూడియో క్లాసులు చెప్పే మిత్రుడు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదేటమ్మా, ఇంగ్లిషు కొలత పెట్టేసినావు. మన అచ్చరానికి కిందా మీదా చోటు కావాల" అన్నాడు. ఆ అమ్మాయి వరుసల మధ్య ఖాళీ పెంచింది. శుభలేఖ ఊపిరి పీల్చుకుంది.

ఈ పాఠం ఏ సిలబస్‌లో ఉంది? అతను ప్రెస్సులో పాడైన షీట్లను సంచీలో వేసుకుని క్లాసుకు తీసుకెళ్తాడు. తెర మీద మెరిసిన నీలం నాలుగు రంగుల సిరాలో ఎలా చచ్చిపోయిందో, బ్లీడ్ వదలని, అంటే రంగును అంచు దాటి కాస్త పొడిగించని పోస్టరుకు కట్టింగులో తెల్ల గీత ఎలా మిగిలిందో చూపిస్తాడు. ఆర్డరిచ్చినవాళ్లు మధ్యాహ్నం ఫోన్ చేసి సాయంత్రానికి ఫ్లెక్స్ కావాలంటే ఏది వదులుకోవాలో, ఏది వదులుకోకూడదో చెప్తాడు. పొద్దున తను చేసిన తప్పే మధ్యాహ్నం అతని పాఠం. అందుకే అతని దగ్గర చదివిన పిల్లలకు ప్రెస్సువాడితో మాట్లాడటం వచ్చు.

అలాంటి మనిషికి కాలేజీ ఇచ్చిన హోదా గెస్ట్ ఫ్యాకల్టీ. జీతం కాదు, పీరియడుకు ఇంత. సెలవులొస్తే అదీ లేదు. వృత్తిలో పండినవాళ్లను అధ్యాపకులుగా తీసుకోవడానికి యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు తెచ్చిన సంగతి తెలిసిందే. పీహెచ్‌డీ అక్కర్లేదు, కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలన్నారు. మంచి మాటే. కానీ మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు, మొత్తం నాలుగేళ్లు దాటకూడదు. నాలుగేళ్ల తర్వాత అతని అనుభవం తరిగిపోతుందా?

పని చేసేవాళ్లకు ఆర్డరే ముఖ్యం, క్లాసు ఎగ్గొడతారు, కళా చరిత్ర చెప్పలేరు అని కొందరంటారు. చరిత్ర చెప్పడానికి చదివినవాళ్లు ఉండాలి, కాదనను. స్టూడియో మాత్రం వేరు. ఎగ్గొట్టడానికి కారణం ఆర్డరు కాదు, ఆ పీరియడు డబ్బులతో ఇల్లు గడవకపోవడం.

పని చేసేవాళ్లే పాఠం చెప్పాలన్నది కొత్త వాదన కాదు, విజయనగరం వందేళ్ల కిందే చేసి చూపించింది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా ఎవర్ని కూర్చోబెట్టారు? గజ్జె కట్టి ఊరూరా హరికథ చెప్పే ఆదిభట్ల నారాయణదాసుని. అక్కడే చదువుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు విని, ఆ కుర్రాణ్ణి విద్యార్థిగా కాకుండా అధ్యాపకుడిగా తీసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. వాళ్లకు కచేరీలూ ఆగలేదు, పాఠాలూ ఆగలేదు. ఇవాళ్టి నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే దాసుగారి కాగితాలు మొదటి వడపోతలోనే వెనక్కొస్తాయి.

మిత్రుడితో మొదలుపెట్టాను గానీ నన్ను అసలు కలవరపెట్టేది శ్రీకాకుళం జిల్లాలో ఖద్దరు నేసే పొందూరు. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరుస గింజకు అంటుకున్న పోగును చెత్త లేకుండా సాపు చేస్తుంది, ఆ తర్వాతే వడకడం. ఎప్పుడో ఎవరో చేపను తిని పారేయకుండా ఆ దవడను చేతిలో తిప్పి చూసుకుని, ఇది దువ్వెన అవుతుందని కనిపెట్టారు. డిజైన్ అంటే ఇదే కదా! బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే మనిషి ఎంత చెక్కాలో, ఎక్కడ ఆపాలో చెవితో తేల్చుకుంటాడు. వీళ్లను మనం 'చేతివృత్తులవారు' అంటాం, ఎగ్జిబిషన్‌లో స్టాల్ ఇస్తాం, శాలువా కప్పుతాం. డిజైనర్ అనం. క్లాసు ఇవ్వం. వలస పోయే కుర్రాళ్లతో నిండిన ఈ రెండు జిల్లాల్లో చేతిలో ఇంత విద్య పెట్టుకుని, దాన్ని నేర్పే కుర్చీ ఒక్కటీ వెయ్యలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కడ డిజైన్ కోర్సు పెట్టినా స్టూడియో పోస్టుల్లో సగం పని చేస్తున్నవాళ్లకే ఇవ్వాలి. పీరియడు లెక్కన కాదు, నెల జీతానికి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఓ తప్పుల ప్రూఫు చేతికిచ్చి పదిమంది పిల్లల ముందు దిద్దమనండి. పొందూరు అమ్మ అయితే చేప దవడ తనే తెచ్చుకుంటుంది, పత్తి మాత్రం కాలేజీ కొనాలి.